మిషను మీద ఎర్ర చుక్క

ఆ శుక్రవారం పొద్దున ఒనీటా బ్లెవిన్స్ పొయ్యి తుడిచింది. తుడిచిన పొయ్యినే మళ్ళీ తుడిచింది. కాఫీ పోసుకుని, తాగడం మరిచిపోయి, చల్లారాక సింకులో పారబోసి మళ్ళీ పోసుకుంది. అలబామాలోని కోల్విన్ సాక్సుల మిల్లులో ముప్పై ఏళ్ళపాటు కూర్చున్న చోటు నుంచి కదలకుండా సాక్సుల వేళ్ళు మూసి కుట్టిన మనిషి ఇవాళ తన వంటింట్లో తన కుర్చీలో కూర్చోలేకపోతోంది.

కారణం బల్ల మీదే ఉంది. విదేశీ వ్యాపారం దెబ్బకి పని పోయినవాళ్ళకి ప్రభుత్వం సాయం చేస్తుంది. కొత్త పని నేర్చుకుంటామంటే కాలేజీ ఫీజు కడుతుంది, నేర్చుకున్నన్నాళ్ళూ వారం వారం ఇంత అని ఇస్తుంది. అయితే మిల్లులో పనిచేసిన ముగ్గురు కలిసి అర్జీ పెట్టాలి. ఇద్దరైతే చెల్లదు. పైగా అర్జీ అందేనాటికి పని పోయి ఏడాది దాటినవాళ్ళు లెక్కలోకి రారు. ఒనీటాని మొదటి విడతలోనే ఇంటికి పంపారు. రేపటితో ఏడాది నిండుతుంది. రేపు శనివారం, ఆఫీసు ఉండదు. ఇవాళ సాయంత్రం ఐదింటికి తలుపు వేసేలోగా కాగితం అక్కడ పడకపోతే ఊళ్ళో అందరికీ సాయం వచ్చినా ఒనీటాకి రాదు.

ఇప్పటిదాకా సంతకాలు రెండే. ఒకటి తనది, ఇంకోటి ఆడపడుచు జెర్లీన్‌ది. మూడోది పెడతానని మిల్లులో తనతో చేసిన వానెల్ ఆదివారం చర్చి మెట్ల మీద మాటిచ్చింది. తొమ్మిదింటికి ఫోను మోగింది.

"ఒనీటా, ఏమనుకోకు. మా ఆయన వద్దంటున్నాడు."

"మీ ఆయన్ని ఎవరడిగారు? సంతకం నీది."

"ఆయనిప్పుడు మన ఓనరు కోల్విన్ ముసలాయన తమ్ముడి గోదాములోనే చేస్తున్నాడు కదా. నా పేరు కనిపిస్తే బాగోదట. వచ్చేవారం ఇంకెవరైనా దొరుకుతారులే."

"నిన్ను పంపింది ఏప్రిల్లో. నీకు వచ్చేవారం కూడా బాగానే ఉంటుంది. నాకు ఇవాళే ఆఖరు."

"ఆదివారం కలుద్దాం" అని వానెల్ పెట్టేసింది.

సాయం రాకపోతే ఏముందో ఒనీటాకి తెలుసు. కొండ మీది కోళ్ళ ఫ్యాక్టరీ. వేసవిలో ఆరు వారాలు అక్కడ చేసి చూసింది. ఆ చలిగదిలో నిలబడి రెక్కలు కోసీ కోసీ వేళ్ళు కొయ్యబారిపోయాయి. రాత్రి ఇంటికొచ్చి చొక్కా గుండీ పెట్టుకోలేక ఏడ్చింది. ఆమె అంతకుముందు తన చేతుల గురించి ఎప్పుడూ దిగులు పడలేదు. కమ్యూనిటీ కాలేజీలో ఆసుపత్రులకి రక్తం తీసే పని నేర్పుతారు. "సూదితో బతికినదాన్ని, సూదితోనే బతుకుతాను" అని వసంతం నుంచి కనపడినవాళ్ళకల్లా చెబుతోంది. జనవరిలో క్లాసులు మొదలు.

మరి ఇంత కావాలనుకున్న మనిషి ఏడాది పొడుగునా ఏం చేసిందంటే, హోండురాస్ దేశానికి తరలిపోయిన మిల్లు మిషన్లు తిరిగొస్తాయని ఎదురు చూసింది. ఉత్త ఆశ కాదు. తిరిగొచ్చే ఏర్పాటు తనే చేసి వచ్చింది.

ఆమె మిషనుకి దారం బిగువు సర్దే నాబ్ ఒకటుంది. దాని పక్కన ఒనీటా ఎప్పుడో తన గోళ్ళరంగుతో ఎర్ర చుక్క పెట్టుకుంది. నాబ్ ఆ చుక్కదాకా రాకూడదని ఆ గుర్తు. వస్తే కుట్టు చూడ్డానికి ముత్యంలా ఉంటుంది, కాలు దూరిస్తే చిట్లిపోతుంది. మిల్లు మూసే ముందు హోండురాస్ నుంచి ముగ్గురు ఆడవాళ్ళని పని నేర్చుకోమని తెచ్చి ఆమె పక్కన నిలబెట్టారు. తన కుర్చీ లాక్కోబోయేవాళ్ళకి తనే పాఠం చెప్పాలి. ప్యాకింగులో చేసే సుయాపాది కూడా ఆ దేశమే కాబట్టి ఆమెని పిలిచి వాళ్ళ భాషలోకి మార్చి చెప్పమన్నారు. ఒనీటా అన్నీ సరిగ్గానే చెప్పింది, ఒక్కటి తప్ప. "నాబ్ ఎప్పుడూ ఈ ఎర్ర చుక్క మీదే ఉండాలి" అంది. సుయాపా ఆ మాటే వాళ్ళకి చెప్పింది. వాళ్ళు తలలూపారు. ఒక పిల్ల చేతిలోని చిన్న పుస్తకంలో రాసుకుంది కూడా.

ఆ రోజు ఒనీటా ఇంటికి ఈల వేసుకుంటూ వచ్చింది. పాపం, మిషన్లు ఓడరేవు షెడ్డులో నెలల తరబడి పడి ఉంటాయని, మొన్న వేసవి చివర్లో గానీ బిగించరని ఆమెకేం తెలుసు. చిల్లుపడిన సాక్సులు పెట్టెలకి పెట్టెలు తిరిగొస్తాయి, కోల్విన్ ముసలాయన తల పట్టుకుంటాడు, మిషన్లు మళ్ళీ లారీ ఎక్కుతాయి. ఈ కలతోనే శీతాకాలం, వసంతం గడిపేసింది.

పదకొండింటికి జెర్లీన్ కారు తెచ్చింది. ఇద్దరూ హోయ్ట్ ఇంటికి వెళ్ళారు. హోయ్ట్ మిల్లులో మిషన్లు బాగుచేసేవాడు. ట్రక్కు కింద పడుకుని ఉన్నాడు, బూట్లు మాత్రం కనిపిస్తున్నాయి. ఒనీటా బూట్లతోనే మాట్లాడింది.

"గవర్నమెంటు ముందు చెయ్యి చాచడం మా ఇంటా వంటా లేదు" అన్నాయి బూట్లు.

"బొగ్గు గనిలో ఊపిరితిత్తులు పాడైనందుకు మీ నాన్నకి పెన్షను ఎవరిచ్చారు? పోప్‌గారా?"

"అది వేరే సంగతి."

"నీకెప్పుడూ వేరే సంగతే."

హోయ్ట్ బయటికి జరిగి, గ్రీజు చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. కోపంగా లేడు. అదే ఆమెకి ఇంకా కష్టంగా తోచింది.

"ఒనీటా, మిషన్లు తిరిగొస్తాయని ఊరంతా చెప్పింది నువ్వే. ముసలాయన పిలుస్తాడని నేను పనిముట్లకి నూనె రాసి పెట్టుకున్నాను. ఇప్పుడొచ్చి, పని పోయిందని సంతకం పెట్టమంటావు. ఏది నిజం?"

ఒనీటా కాగితం తీసుకుని నడిచింది. కారులో కూర్చుని తలుపు రెండుసార్లు వేసింది, ఒకసారికి పడలేదని కాదు.

తరువాత మరో రెండిళ్ళు. ఒక ఇంట్లో మనిషి లేదు, ఇంకో ఇంట్లో ఉండి కూడా తలుపు తియ్యలేదు. కిటికీ పరదా కదలడం ఇద్దరూ చూశారు. మూడయింది. జెర్లీన్ బండి రోడ్డు పక్కన ఆపి, సంచీలోంచి హ్యామ్ ముక్క పెట్టిన బిస్కెట్టు రొట్టె తీసి సగం విరిచి ఇచ్చింది. ఒనీటా దాన్ని చేతిలో పట్టుకుని పొడి పొడి చేస్తోంది గానీ తినడం లేదు.

"తిను వదినా. సీటు పాడుచేస్తున్నావు. సుయాపా ఉందిగా, ఆవిణ్ణి అడగొచ్చుగా."

"ఆవిడా? మన మిషన్లు పోయింది వాళ్ళ దేశానికేగా."

"మిషన్లతో పాటు ఆవిడేం పోలేదు. మన వెనకాలే ఇంటికి పంపారు. వారం నుంచి మిల్లులో చేసినవాళ్ళందర్నీ వేళ్ళ మీద లెక్కేస్తున్నావు, ఆవిడ ఏ వేలికీ రాలేదా?"

ఒనీటా కిటికీలోంచి బయటికి చూసింది. నిజానికి రాలేదు. మరిచిపోవడం కూడా కాదు, ఆ పేరు దగ్గరికొచ్చినప్పుడల్లా మనసు పక్కదారి పట్టింది. ఆ ముఖం చూడాలంటే ఆ ఎర్ర చుక్క గుర్తొస్తుంది.

సుయాపా రైలు పట్టాల అవతల ట్రైలర్ ఇంట్లో ఉంటుంది. చిన్న వరండాలో పెనం పెట్టి రొట్టెలు కాల్చి, బీన్సు పెట్టి మడిచి, కోళ్ళ ఫ్యాక్టరీ షిఫ్టు దిగేవాళ్ళకి అమ్ముతోంది. జెర్లీన్ కారులోనే ఉండిపోయింది. ఒనీటా మెట్టు కింద నిలబడి, కాగితం గుండెలకి పట్టుకుని, వచ్చిన పని చెప్పింది. సుయాపా పెనం మీది రొట్టె తిప్పింది.

"ఈ దేశంలో ఉండడానికి నాకు కాయితాలున్నాయి మిస్ ఒనీటా. లోపలున్నాయి, చూస్తారా?"

"నేనడగలేదే."

"నోటితో అడగలేదు." ఆమె చేతులు కడుక్కుంది. "ఏడాదైంది. సుయాపా బతికుందా చచ్చిందా అని మిల్లు మనుషులు ఒక్కరూ ఇటు తొంగిచూడలేదు. ఇవాళ మూడో మనిషి కావలసొచ్చేసరికి నేనూ మిల్లు మనిషినయ్యాను."

"నిజమే" అంది ఒనీటా. "కావలసొచ్చే వచ్చాను. నా చేతిలో ఇంకో గంటా గంటన్నర ఉంది."

సుయాపా పెన్ను తీసుకుని, కాగితం వరండా కమ్మీ మీద పెట్టి, పేరంతా, నాలుగు ముక్కలూ, తీరిగ్గా రాసింది. బేరం లేదు, బతిమాలించుకోవడం లేదు. కాగితం తిరిగిచ్చి, అప్పుడంది.

"ఒక్క మాట అడుగుతాను. చెప్పకపోయినా ఫర్వాలేదు, సంతకం వెనక్కి తీసుకోను. మీ మిషను మా ఊరు చోలోమాకే వెళ్ళింది. మా అక్క కూతురు మిర్నా దాని మీదే కూర్చుంటోంది."

"నాదేనని నీకెట్లా తెలుసు?"

"నాబ్ పక్కన ఎర్ర చుక్క ఉందట. ఆ రంగు గోళ్ళు మిల్లులో ఇంకెవరికున్నాయి?" సుయాపా కొంగులాంటి ఏప్రన్ అంచుతో చేతులు తుడుచుకుంది. "కుట్టు చక్కగానే కనిపిస్తుందట. తనిఖీ ఆవిడ చెక్క పాదానికి తొడిగితే పటుక్కున విడిపోతుందట. ప్రతిదానికీ జీతంలో కోత. దారం మార్చారు, సూదులు మార్చారు. ఆ నాబ్ మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వరు. అలబామాలో నేర్చుకొచ్చిన మాటని సూపర్‌వైజరు గోడకి రాసి పెట్టాడట. సోమవారంలోగా బాగుపడకపోతే మిర్నాని తీసేస్తారు. ఆ మాట వాళ్ళకి చెప్పింది నేను, నా నోటితో. ఆ రోజు మీరు నాతో చెప్పింది నిజమేనా?"

ఒనీటాకి ముందు వచ్చింది సంతోషం. దాచడానికేముంది, ఒళ్ళంతా పాకింది. ఫలించింది. చిల్లుపడుతున్నాయి. ఇంకో నెల, రెండు నెలలు ఇలాగే చిల్లుపడనిస్తే ఏమో, ఎవరు చూడొచ్చారు, లారీలు ఇటే తిరగొచ్చు. తను చేయాల్సిందల్లా నోరు మూసుకుని కారెక్కడం.

"నాకు టైమవుతోంది" అని గబగబా నడిచింది. కారుదాకా వెళ్ళి తలుపు మీద చెయ్యి వేసింది.

చేతిలో కాగితం ఉంది. మా పని విదేశానికి తరలిపోయింది అని అందులో తనే రాసింది. దాని కింద మూడు సంతకాలు. పోయిందని ఒక చేత్తో రాసిచ్చి, పోకుండా రెండో చేత్తో పట్టుకుని ఉంది ఏడాది నుంచీ. దానికోసం అటు ఎవరో ఒక పిల్ల జీతం కోయించుకుంటోంది, ఇటు హోయ్ట్ పనిముట్లకి నూనె రాస్తున్నాడు. సిగ్గేసింది. సిగ్గుతో పాటు మంటా వేసింది, ఎవరి మీదో తెలియలేదు. వెనక్కి తిరిగి మెట్టెక్కింది.

"ఆ పిల్లకి ఫోను చెయ్యి."

"డ్యూటీలో ఉంటుంది. ఫోను తలగుడ్డలో దాచుకుంటుంది గానీ."

"చెయ్యి సుయాపా, నా మనసు మారకముందే."

చాలాసేపటికి కలిసింది. సుయాపా ఫోను ఇద్దరి మధ్యా పట్టుకుంది. మాట కన్నా ముందు మిషను వినపడింది. ఆ చప్పుడు ఒనీటా నిద్రలో కూడా గుర్తుపడుతుంది. ఎడమ పక్క చిన్న టకటక, హోయ్ట్ ఎన్నిసార్లు విప్పినా పోనిది. అది తన మిషనే. తను లేకుండా తిరుగుతోంది.

"చుక్క దగ్గర ఉండకూడదని చెప్పు. అది వద్దని పెట్టిన చుక్క. నాబ్ వెనక్కి, అర చుట్టు. తరవాత బొటనవేలి గోరు మందం ముందుకి."

సుయాపా ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. అంతా తన భాషలో చెప్పింది. అవతల మిషను ఆగింది. చాలాసేపు ఆగింది. మళ్ళీ టకటక మొదలై ఒక సాక్సంత సేపు నడిచి ఆగింది. అవతలి నుంచి సన్నటి గొంతు ఏదో అంది, నవ్వుతూ.

"ఏమంది?"

"పాదానికి తొడిగిందట. లాగిందట. నిలిచిందట." సుయాపా ఫోను కిందికి దించింది. "మీకు దేవుడు మేలు చెయ్యాలంటోంది."

ఒనీటా తలూపింది. సుయాపా రొట్టె ఒకటి కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది. "ఆలస్యమవుతోంది, వెళ్ళండి మిస్ ఒనీటా" అంది. అందులో ప్రేమ ఉందో లేదో చెప్పలేం గానీ, రొట్టె వేడిగా ఉంది.

కారులో జెర్లీన్ వదిన ముఖం చూసి కంగారు పడింది.

"పెట్టలేదా?"

"పెట్టింది."

"మరి ఏడుస్తావేం?"

"ఇందులో రాసింది నిజమే జెర్లీన్. మన పని పోయింది."

"ఏడాది కిందటే పోయిందిగా వదినా."

"నాకు ఇప్పుడే పోయింది." ఒనీటా కాగితం ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళతో నున్నగా సర్దింది. "పోనీ. కారు పోనియ్యి, ఆఫీసు మూసేస్తారు."