వెండి పూసల గది

అక్క గడపలో చెప్పులు విప్పిందో లేదో, అమ్మ చిన్న గాజు సీసా తెచ్చి ముఖం ముందు ఆడించింది. అడుగున పాదరసం తళతళలాడింది.

"గుర్తుందా? మనవరాలి కోసమని దాచానే! ఇవాళ తమ్ముడు పాపని తీసుకొస్తున్నాడుగా, మీరాడిన ఆట దానికీ చూపిస్తా."

గుర్తులేకపోవడమేమిటి! అమ్మ అప్పట్లో థర్మామీటర్లలో పాదరసం నింపే ఫ్యాక్టరీలో పనిచేసేది. సాయంత్రం ఇంటికొచ్చి ఈ గది మధ్యలోనే ఏప్రన్ దులిపేది. మడతల్లోంచి వెండి పూసలు జలజలా రాలేవి. అక్క అట్టముక్కతో వాటిని తోలేది. రెండు పూసలు తగిలితే చటుక్కున ఒకటైపోయేవి. అప్పటికింకా పాకుతున్న తమ్ముడు అరచేత్తో ఒక్కటేస్తే ముక్కముక్కలై బండల సందుల్లో దూరేవి. మిగిలింది అమ్మ చీపురుతో ఊడ్చి కాలవలో పోసేది. బొమ్మలు కొనే స్తోమత లేకపోతేనేం, అంత అందమైన ఆట ఆ వీధిలో ఇంకెవరికుంది? ఆ సాయంత్రాలు తలుచుకుంటే అక్కకి ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

పాడు చదువు! అదే లేకపోతే ఆ సీసా చూసి హాయిగా మురిసిపోయేది. చేపల్లో పాదరసం ఎంతుందో కొలిచే ల్యాబ్‌లో ఉద్యోగం ఆమెది. గాలిలో పాదరసాన్ని కొలిచే పెట్టె అక్కణ్ణుంచే అడిగి తెచ్చుకుంది. దాన్ని గది మూల నేల మీద పెట్టగానే అంకె గబగబా పైకి పాకింది.

"అమ్మా, పాపని ఈ గదిలో ఉంచకూడదు."

"ఏం, నా గదికేం రోగం?"

"సందుల్లో పడింది ఎక్కడికీ పోలేదమ్మా. ఊరికే ఆవిరవుతూనే ఉంటుంది, ఎండాకాలం ఇంకా ఎక్కువ. రంగుండదు, వాసనుండదు. ఎదిగే మెదడుకి అది విషం. కాలవలో పోసింది చెరువు బురదలో చేరి ఇంకా పాడు విషమవుతుంది. చిన్న చేపలు తింటాయి, వాటిని పెద్ద చేపలు తింటాయి. పెద్ద చేపల్లో పేరుకున్నది చివరికి మన కంచంలోకే."

అమ్మకి ఒళ్లు మండింది. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదేనే! ఆ ఫ్యాక్టరీ కూడు తినే కదా చదివావు? మీకేమైంది, గుండ్రాళ్లలా పెరిగారు!"

అంటూ సీసా బల్ల మీద పెట్టబోతే టకటకా చప్పుడైంది. అమ్మ చేతులు వణకడం కొత్తేం కాదు, వయసని అందరూ సరిపెట్టుకున్నారు. అక్క ఆ చేతుల్నే చూస్తోంది. అది అమ్మ కంటపడింది.

"ఇదీ దానివల్లేనా?"

"అయ్యుండొచ్చు. ఖాయంగా చెప్పలేనమ్మా."

అమ్మ కుర్చీలో కూలబడింది. గొంతు తగ్గించి అడిగింది: "మరి తమ్ముడు? వాడు పాకింది ఇక్కడే కదే."

తమ్ముడికి నడక ఆలస్యం, మాట ఇంకా ఆలస్యం. బళ్లో 'నత్త' అన్నారు, ఆ పేరే ఇంట్లోనూ ముద్దుపేరైంది. అవునని అక్క చెప్పలేకపోయింది, కాదని అసలే చెప్పలేకపోయింది. ఆమెకి ఏడుపొచ్చింది.

ఇంతలో వాకిట్లో తమ్ముడి కేక. "నత్తగారు వేంచేశారహో!"

పాపని గడప లోపల దించబోయాడు తమ్ముడు.

"దించకురా!" అమ్మ అరిచిన అరుపుకి పాప బెదిరిపోయింది. అమ్మ పరుగున వెళ్లి ఇద్దర్నీ బయట మెట్ల మీదికి తోసి, తనూ కూర్చుని పాపని ఒళ్లోకి తీసుకుంది.

తమ్ముడు నవ్వాడు. "ఏంటమ్మా ఈ హడావుడి? వెండి పూసల ఆట చూపిస్తావని దారంతా దీనికి చెప్పుకుంటూ వచ్చా. చిన్నప్పటివి తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది అదే. అవింకా ఉన్నాయా?"

అమ్మ వణికే చేత్తో వాడి తల నిమిరింది.

"ఉన్నాయిరా," అంది. "ఆ గదిలోనే ఉన్నాయి. కూర్చో, నీకో సంగతి చెప్పాలి."