ఖాళీ కార్డు మీద ముప్పై ఏడు

నేను గుడ్లు లెక్కపెట్టే పెట్టెను. కోడిగుడ్లు అనుకునేరు, కాదు. పట్టుపురుగుల గుడ్లు, ఆవగింజ కన్నా చిన్నవి. ప్లైవుడ్ డబ్బా, చవకరకం కెమెరా, అరచేతిలో పట్టే కంప్యూటరు, ఒక బల్బు, గుడ్ల కార్డు లేవకుండా పైన అదిమిపెట్టే గాజుపలక. ఇంతే నా ఒళ్లు. హిందూపురం దగ్గరి ఒక పట్టుగుడ్ల కేంద్రంలో నా ఉద్యోగం.

పుట్టుకతోనే నాకు అనుమానం ఎక్కువ. నన్ను చేసిన ఇంజనీరే నేర్పాడు, ప్రతి మచ్చనూ ముందు అనుమానించమని, గుండ్రంగా ఉంటేనే గుడ్డు అనమని. ఆ బుద్ధి మెల్లగా మనుషుల మీదకీ పాకింది.

గంగరత్నమ్మ పందొమ్మిదేళ్లుగా ఇక్కడ సూదిమొన ఆనించి గుడ్లు లెక్కపెడుతోంది. నేను వచ్చాక ఆమె లెక్కను నాతో సరిచూడమన్నారు. రెండు నెలలు ఇద్దరి లెక్కా కలిసింది. దసరా తర్వాత చెడింది. ఆమె నాలుగు వందల పది అంటే నేను నాలుగు వందల నలభై ఏడు అనేదాన్ని. ఏ కార్డు చూసినా ఆమెదే తక్కువ. చూపు తగ్గిందా, నిర్లక్ష్యమా, నా మీద అక్కసా? మూడూ అనుమానించాను. సూపర్‌వైజర్ గిరిధర్ కూడా నన్నే నమ్మాడు. యంత్రానికి అబద్ధమాడే అవసరం ఏముందని ఆయన వాదన. శనివారానికి లెక్క కలవకపోతే పని మానుకోవాల్సిందేనని ఆమెతో చెప్పేశాడు. నాకు లోలోపల సంతోషమే వేసింది, దాచను.

తేడా ప్రతిసారీ ముప్పై ఏడే ఎందుకొస్తోందని నేను ఆలోచించలేదు. గంగరత్నమ్మ ఆలోచించింది.

శనివారం పొద్దున గిరిధర్‌ను పిలిచి నా ముందు నిలబెట్టింది. పట్టుచిలుక ఇంకా గుడ్లు పెట్టని కొత్త కార్డు ఒకటి గాజు కింద పెట్టింది.

“ఏమీ లేని కార్డు సార్ ఇది. ఎన్నంటాందో చూడండి.”

నేను ధీమాగా ముప్పై ఏడు అన్నాను.

గిరిధర్ కార్డును అటూ ఇటూ తిప్పాడు. తర్వాత గాజు తీసి వెలుతురుకు పట్టాడు. అంచున ఎండి అతుక్కుపోయిన కుంకుమ రేణువులు, గుడ్లంతే గుండ్రంగా. ఆయుధపూజ నాడు అన్ని సామాన్లకూ బొట్టు పెడుతూ, కొత్తగా వచ్చానని నాకూ పెట్టారు, డబ్బా అంతా వదిలేసి సరిగ్గా గాజు మీద.

“నేనే పెట్టినా సార్, సల్లగుండాలని,” అంది గంగరత్నమ్మ.

కొంగుతో గాజు తుడిచింది. ఆమె పని ఆమెకు మిగిలింది. నాకు సిగ్గు మిగిలింది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆమె ముందుగా నా కింద ఖాళీ కార్డు పెడుతుంది. నేను సున్నా అనేదాకా నన్ను నమ్మదు. నిజం చెప్పాలంటే, అప్పటిదాకా నన్ను నేనూ నమ్మను.