వినీత పేపర్లు, మనీషా పేపర్లు

వికారాబాద్‌లో ఇంటర్వ్యూ ముగించుకుని, రైలు దిగి తాండూరులో ఇల్లు చేరేసరికి పొయ్యి మీద పెనం ఖాళీగా ఉంది. చీరైనా మార్చుకోకుండా జొన్నపిండిలో వేణ్నీళ్లు పోసింది వినీత. పొద్దున్నే కూరా పప్పూ వండిపెట్టి వెళ్లినా రొట్టెలు మాత్రం ఆమె వచ్చాకే కావాలి. ఆ ఇంట్లో ఇంకెవరికీ చేతులు లేవు మరి.

ఇంట్లో ఆమెను వినీత అనరు, మనీషా అంటారు. పెళ్లినాడు అత్త సత్యమ్మ పళ్లెంలో బియ్యం పోయించి, అందులో ఉంగరంతో కొత్త పేరు రాయించింది. సత్యమ్మ పుట్టిల్లు కర్ణాటకలో సేడం వైపు. వాళ్లలో కోడలికి పేరు మార్చడం ఆచారం. "కొడుకు మహిధర్, కోడలు మనీషా. ఎంత ముద్దుగున్నది!" అని మురిసిపోయింది. పేరంటే పిలవడానికే కదా అని వినీత కూడా నవ్వి ఊరుకుంది. ఆధార్‌లోనూ బ్యాంకులోనూ మహిధరే దగ్గరుండి మార్పించాడు. ఆమె డాక్టరేట్ పట్టా సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

పెళ్లికి ముందు హైదరాబాద్‌లో ఆమె పరిశోధనంతా కాలేయం మీద. కాలేయానికి మహా ఓర్పు. తిండితో పాటు ఎన్ని పరాయి పదార్థాలు లోపలికొచ్చినా శత్రువులని గోల చెయ్యదు. ఆ ఓర్పు ఒక్కో ఒంట్లో ఎందుకు తెగుతుందో, కాపాడాల్సిన కణాలే కాలేయాన్ని ఎందుకు తినేస్తాయో తేల్చాలని ఆమె ఆరాటం. వినీత పేరుతో జర్నళ్లలో మంచి మంచి పేపర్లు వచ్చాయి. తాండూరులో మహిధర్‌కు పప్పు మిల్లుంది గానీ ఆమెకు ల్యాబ్ ఎక్కడిది? మనిషి ఎదురుగా కూచుని మాట్లాడితే చాలు, మెషిన్లు అక్కర్లేదని మానసిక వైద్య పరిశోధన వైపు మళ్లింది. ఓ సైకియాట్రిస్టు క్లినిక్‌లో జీతం లేకుండా కూచుని నిద్రపట్టని ఆడవాళ్ల మాటలు వింది, గిన్నెలు కడిగాక వాటిని పేపర్లుగా రాసింది. ఊళ్లో అందరూ ఎరిగిన పేరు మనీషా కాబట్టి ఆ పేపర్లు మనీషావయ్యాయి. "లివరు ఇడిచిపెట్టి మనసు పట్టుకున్నది, రేపు మోకాళ్లు పట్టుకుంటదేమో" అని మహిధర్ చుట్టాలను నవ్వించేవాడు. ఆమె చాయ్ కప్పులు ఏరుకుని లోపలికి పోయేది.

వికారాబాద్ దగ్గరి మెడికల్ కాలేజీలో ఇప్పుడో ఉద్యోగం పడింది. కాలేయ రోగులను పట్టే దిగులు మీద పరిశోధన. రెండూ తెలిసిన మనిషి కావాలన్నారు. ప్రకటన చదివినప్పుడు ఆమెకు ఏడుపొచ్చింది.

ఇంటర్వ్యూలో పెద్దాయన పేపర్ల జాబితా తిరగేసి, "ఈ మనీషా పేపర్లు మీవి. మరి ఈ వినీత ఎవరమ్మా?" అన్నాడు.

"నేనే సార్."

అందరూ ఆమె ఆధార్ కార్డు వంక చూశారు. పరాయి సొమ్ము ఎత్తుకొచ్చిందేమోనని ఒక్క క్షణం ఆమెకే అనుమానమొచ్చింది. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ తెమ్మన్నారు. భర్తో, అత్తింటి మనుషుల్లో ఇంకెవరో సాక్షి సంతకం పెట్టాలి. లేకపోతే వినీత పేపర్లు లెక్కలోకి రావు, ఉద్యోగమూ రాదు.

రైలెక్కే ముందే ఆమె రాయించుకొచ్చిన ఆ కాగితాన్ని మహిధర్ రొట్టె తింటూ చదివాడు. "అమ్మ పెట్టిన పేరు నచ్చలేదని గిట్ల రాసిస్తవా?"

"నచ్చలేదని రాయలేదు. ఇద్దరు ఒక్కటే అని రాసిన."

"అది నాకు తెల్వదా? నేను సంతకం పెడితె నువ్వు రోజు రైలెక్కుతవు. ఇల్లెవరు చూడాలె? నీ జీతం లేక పస్తులున్నమా?" అని ఇంకో రొట్టె వెయ్యమన్నట్టు కంచం జరిపాడు. వేసింది. వేసినందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

అతను మళ్లీ మిల్లుకు వెళ్లాక, చాటలో కందులు ఏరుతున్న సత్యమ్మ అందుకుంది. "గింత దానికి మూతి ముడుస్తవేంది బిడ్డా? నాకు మార్చలేదా? మీ మామ సత్యనారాయణ అని నన్ను సత్యమ్మను చేసిండ్రు. నేనేమన్న పరేషాన్ అయిననా?"

"అంతకుముందు మీ పేరేంది అత్తమ్మా?"

ఇన్నేళ్లలో ఆ మాట అడగాలని వినీతకు తోచనే లేదు. సత్యమ్మ చెప్పబోయి ఆగింది.

"ఇంట్ల పోరీ అనే పిలుస్తుండె. బడికి పోలె. చిన్నగున్నప్పుడే లగ్గం చేసిరి." చాట పక్కన పెట్టింది. "ఉండె బిడ్డా, నాకో పేరుండె. మా అవ్వ పెట్టింది." పెదాలు కదిలించింది. చెల్లెలి పేరు చెప్పింది, వాళ్లింటి బర్రె పేరు కూడా చెప్పింది. తన పేరు రాలేదు. "యాదికొస్తలేదు. అడుగుదమంటె ఎవ్వరు మిగల్లే."

క్లినిక్‌లో ఎందరి ఏడుపో చూసిన వినీతకు ఆ ఏడవని ముఖం చూస్తే భయమేసింది. కాగితం తెచ్చి అత్త ముందు పెట్టింది.

"నా పేరు నాకింకా యాదున్నది అత్తమ్మా. నేను కొలువుకు పోత."

"వాడు లొల్లి చేస్తడు."

"చెయ్యనియ్యుండ్రి."

సత్యమ్మ కాగితాన్ని దగ్గరికి జరుపుకుంది. తర్వాత పెన్ను అడిగింది. సంతకం ఆమెకు భర్త నేర్పాడు, మిల్లు కాగితాల కోసం. రాయడం వచ్చిన మాట ఆమెకు అదొక్కటే. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సత్యమ్మ అని రాసింది.