సోమలింగం అతుకు ముక్క

సంతోషి మొండిది. ఈ మాట సూరత్ నవాగామ్‌ల ఎవలనడిగినా చెప్తరు. ఎవలో ఎందుకు, ఆమె పెనిమిటి శివకృష్ణే పాండేసర మిల్లుల రంగు కలుపుకుంట పదిమందికి చెప్తడు. పట్టిందంటే ఇడువది. గా మొండితనం ఎక్కడిదంటరా? అయ్యదే, సోమలింగందే.

సోమలింగం సూరత్‌కు బట్ట నేసే సాంచెలు నడపడానికి వచ్చినోడు. పన్నెండేండ్లు నడిపిండు కూడ. ఒకనాడు నాన్‌పురాల ఒక పాత పార్సీ ఇంట్ల, కిటికీకి పెట్టిన రంగుటద్దాల నుంచి ఎండ దిగి, నేలంత ఎరుపు, పచ్చ, నీలం అయితే చూసిండట. ఇగ అంతే. సాంచె ఇడిచిపెట్టి, ఆ కిటికీలు బాగుచేసే ముసలాయన కాళ్లకాడ కూసుండి పని నేర్చుకున్నడు. పిచ్చి లేసిందన్నరు కులపోళ్లు. అననీ! ముప్పై ఏండ్లల్ల ముప్పై ఒక్క కిటికీలు చేసిండు. అద్దం ముక్కలు కోసుడు, ముక్కకూ ముక్కకూ నడుమ సీసం పట్టీ బిగించుడు, టంకం పెట్టుడు, ఇదే లోకం.

ఆయనకో పద్ధతుండె. కిటికీ అయిపోయినంక మిగిలిన అద్దంల నుంచి ఒక్క ముక్క దాచి, దాన్ని వచ్చే కిటికీల పెడుతుండె.

"సాంచె మీద పడుగు అయిపోతే ఏం చేస్తం బిడ్డా? పాత పోగుల కొసలకే కొత్త పడుగు అతుకుతం. ఇది గూడ గంతే," అనేటోడు. దాన్ని అతుకు ముక్క అనేటోడు. ఆ వెంటనే మీసం దువ్వుకుంట, "ఇన్నేండ్లల్ల ఒక్క అతుకు ముక్క నా చేతిల పగల్లే, ఎరుకేనా!" అనేటోడు. ఈ మాట సంతోషి వెయ్యిసార్లు విన్నది.

హోలీ ఎల్లంగనే ఆయన గుండె ఆగి పోయిండు. ముప్పై రెండోది కాగితం మీద బొమ్మ లెక్కనే మిగిలింది. అది నవాగామ్ పద్మశాలి సంఘం హాలు కోసం గీసిన కులదేవుడు మార్కండేయుడు, కాళ్లకాడ ఎర్ర తామర. శ్రావణంల నూలు పున్నమి నాడు హాలు తెరుస్తరు.

సంఘం పెద్ద కనకయ్య చెడ్డోడు కాదు గని, ఆగలేని మనిషి. "సోమలింగమే పోయినంక ఇంకేం కిటికీ బిడ్డా? సాదా అద్దం పెట్టి, మీద దేవుని స్టిక్కర్ అంటిద్దాం. ఒక్కపూట పని," అన్నడు.

సంతోషికి ఒళ్లు మండింది. "పద్దెనిమిదేండ్లు బాపు పక్కన కూసుండి అద్దం కోసింది నేను గాదా పెద్దబాపూ? ఆయన గీసింది నేను చేస్త. స్టిక్కర్ అంటించిన హాలు గడప నేను తొక్క!"

"సరే తల్లీ, అరువకు. పున్నమి పొద్దుగాల వరకు చూస్త. కిటికీ లేకుంటే స్టిక్కరే."

ఐదు నెలలు చేసింది. వేళ్లు తెగితే గుడ్డ చుట్టుకొని చేసింది. మార్కండేయుడు ముక్కముక్కగ లేచిండు. పున్నమి ఇంక మూడు దినాలుందనంగ ఒక్క తామర రేకు మిగిలింది. అతుకు ముక్క పెట్టే జాగ అదే. ముప్పై ఒకటో కిటికీకి మిగిలిన అద్దంల నుంచి బాపు దాచిన ఎర్ర ముక్కను పెట్టెల నుంచి తీసింది. అద్దం కోసే కలంతో గీత గీసి, మెల్లగ ఒత్తింది. అది గీత మీద తెగలే. అడ్డంగ రెండు ముక్కలైంది.

బాపు చేతిల ఒక్కటి పగలనిది, సంతోషి చేతిల మొదటిదే పగిలింది! ముక్కలు ఒళ్లె పెట్టుకొని శానసేపు ఏడ్చింది.

శివకృష్ణ సముదాయించబోయిండు. "అసుంటి ఎర్రదే దుకాణంల దొరుకుతది. తెచ్చి పెట్టు. ఎవనికెరుక?"

"నాకెరుక," అన్నది సంతోషి. మొకం కడుక్కొని పనిముట్లు సంచిల ఏసుకున్నది.

ముప్పై ఒకటో కిటికీ వేసు ఏరియాల డాక్టర్ హైమవతి దవాఖానల ఉన్నది. ఎర్రగ పూసిన మోదుగ చెట్టు బొమ్మ. అది చేసినప్పుడు సంతోషి పచ్చి బాలింత, దాని మీద చెయ్యి పెట్టనే లేదు. డాక్టరమ్మను కలిసి సంగతంత చెప్పింది. అండ్ల నుంచి ఒక్క ఎర్ర ముక్క ఇస్తే, ఆ జాగల తన అద్దం పెడతనన్నది.

"అది మీ నాన్నగారి ఆఖరి కిటికీ అమ్మా. ఎలా ముట్టుకోనిస్తాననుకున్నావు?" అన్నది హైమవతి.

"ఆఖరిది కాకుండ చెయ్యాల్ననే వచ్చిన డాక్టరమ్మా."

హైమవతి నిచ్చెన తెప్పించింది. "నా ముందరే చెయ్యి. ఏ కొంచెం తేడా వచ్చినా ఆపెయ్యాలి," అన్నది.

సంతోషి నిచ్చెనెక్కింది. అన్నిట్ల పెద్ద పువ్వు చూసుకున్నది. దాని రేకు నడుమ ఈనె లెక్క ఒక సీసం పట్టీ ఉన్నది. ఆ పట్టీని జర పైకి లేపి లోపలికి చూసింది. కలంతో కోసిన అంచు సాఫ్‌గ ఉంటది. ఇది అట్ల లేదు. వంకర టింకరగ, గరుకుగ ఉన్నది. ఇవతలి అంచు, అవతలి అంచు దేనికది అతికినట్టు సరిపోతున్నయ్. అద్దంల సన్న బుడగలున్నయ్, తను కోసిన ముప్పయ్యో కిటికీ అద్దంల ఉన్నసుంటివే.

అది అతుకు ముక్క. బాపు చేతిల పగిలింది! పగిలిన కాన్నే పట్టీ బిగించి, దాన్ని పువ్వుకు ఈనె చేసి, ఎవలకూ చెప్పకుంట మీసం దువ్వుకున్నడు.

"ఓరి నా అబద్ధాల బాపూ!" అని సంతోషి నిచ్చెన మీదనే నవ్వవట్టింది. నవ్వుకుంటనే కండ్లనిండ నీళ్లు తీసుకున్నది. డాక్టరమ్మ భయపడి నిచ్చెన పట్టుకున్నది.

సంతోషి పట్టీని మళ్ల ఎప్పటి లెక్క ఒత్తి దిగింది.

"మరి ముక్క తీసుకోలేదేం?" అన్నది హైమవతి.

"నా కాడ ఉన్నది డాక్టరమ్మా. రెండున్నయ్."

సంతోషి కాడి ముక్క అడ్డంగ పగిలింది, ఈనెకు పనికిరాదు. అయితే ఏంది? పక్క రేకులు రెండూ ఇప్పింది, మళ్ల కోసింది. పగులుకు సీసం పట్టీ బిగించి, ఆ గీతను దారం లెక్క సాగదీసి మార్కండేయుని చేతి దాకా తీసుకపోయింది. మొదటి నూలు తామర తూడుల నుంచే తీసిన్రని కులకథల చెప్తరు గదా. రెండు దినాలు తిండి మీద సోయి లేదు. పున్నమి ముందటి రాత్రి కిటికీని హాలుకు బిగించింది.

పున్నమి పొద్దుగాల కనకయ్య స్టిక్కర్ చుట్ట చంకల పెట్టుకొని వచ్చిండు. వచ్చి, గుమ్మంల ఆగిండు. కిటికీల ఎండ పడుతున్నది. హాలు నేలంత ఎరుపు. దగ్గరికొచ్చి, దారం చూసి, "సోమలింగం గీసినదాంట్ల ఇది లేకుండె గద?" అన్నడు.

"అతుకు ముక్క పగిలింది పెద్దబాపూ. పగిలిన కాన్నే దారం చేసిన."

"దేవుని బొమ్మల పగిలిన అద్దమా బిడ్డా!"

"సాంచె మీద పోగు తెగితే నువ్వేం చేస్తవ్? బట్ట పారేస్తవా, ముడేసి నడుపుతవా?"

నలభై ఏండ్లు సాంచెల మధ్యన బతికిన మనిషి కనకయ్య. ముడి చూసేటట్టు బొటనవేలుతోటి ఆ గీతను తడిమిండు. స్టిక్కర్ చుట్టను మూలకు పెట్టిండు.

"అయితే సోమలింగంది ముప్పై రెండోది అన్నట్టు," అన్నడు.

"ముప్పై రెండోదే. గని ఇది నాది," అన్నది సంతోషి.

ఆమె సంచిల తామర రేకులకు కోయంగ మిగిలిన ఎర్ర ముక్క ఒకటి బాపు రుమాలుల చుట్టి ఉన్నది. ముప్పై మూడోదానికి. పగిలితే పగలనీ.