అవతలి పక్షం

ఆ వారమంతా ఆ ఇంట్లో తండ్రీకూతుళ్లు ఇల్లు పీకి పందిరి వేశారు. తండ్రి లిఫ్టులు బాగుచేసే మెకానిక్. కూతురు కాలేజీ డిబేట్లలో కప్పులు గెలిచిన పిల్ల. అందుకే నాయనమ్మ ఆమెను లాయరమ్మ అంటుంది. చదువు పూర్తవగానే ఆ లాయరమ్మకు పుట్టిన కోరిక ఏమిటయ్యా అంటే, తండ్రి కంపెనీలోనే లిఫ్టు పని నేర్చుకోవడం! పాత మెకానిక్ ఎవరైనా మాట చెబితేనే అక్కడ కొత్తవాళ్లను తీసుకుంటారు. రేపటితో గడువు సరి. తండ్రి మాత్రం చెప్పనంటే చెప్పనని భీష్మించుకు కూర్చున్నాడు.

అంత నోరున్న పిల్ల ఒప్పించలేకపోయిందా అంటారేమో. ఏం ఒప్పిస్తుంది! ఆయన ఒకటంటే ఈమె పది అంటుంది. ఈమె నోరు తెరవగానే ఆయన టీవీ సౌండు పెంచుతాడు. వేదిక మీదైతే గంట కొట్టి ఆపేవాళ్లుంటారు, ఇంట్లో ఎవరున్నారు?

సాయంత్రం నాయనమ్మే గరిటెతో వంటింట్లోంచి వచ్చి టీవీ కట్టేసింది.

"ఒసే లాయరమ్మా, ఇలా అరిచినందుకేనా నీకు కప్పులిచ్చింది?"

ఆ మాట సూటిగా తగిలింది. అవతలివాళ్ల వాదాన్ని ముందు నువ్వు చెప్పు, "అవును, నా మాట అదే" అని వాళ్లు అన్నాకే నీ జవాబు మొదలుపెట్టు అని జూనియర్లకు నేర్పింది తనే. ఇంట్లో ఒక్కనాడైనా ఆ పని చేసిన పాపాన పోలేదు.

"సరే నాన్నా. నా తరఫున నువ్వు మాట్లాడు. నీ తరఫున నేను మాట్లాడతా. నాయనమ్మ జడ్జి."

"ఇదేం చోద్యమే!"

"మొదలుపెట్టరా," అంది జడ్జి, గరిటె చూపిస్తూ.

తండ్రి నెత్తి గోక్కున్నాడు. "దానికి... చేతిలో పనుంది. చిన్నప్పుడే మిక్సీ విప్పి మళ్లీ బిగించింది. భయం లేదు. చెప్పిన మాట వింటుంది..."

"వింటుందా?" అంది నాయనమ్మ.

"అప్పుడప్పుడు."

ముగ్గురికీ నవ్వొచ్చింది. ఇక కూతురి వంతు.

"ఆడపిల్ల లిఫ్టు గుంతలోకి దిగితే ప్రమాదం."

"కాదు. బెల్టుంటుంది, పక్కన నేనుంటా."

"నలుగురూ ఏమనుకుంటారో అని."

"నలుగురితో నాకేం పని?"

"ఇంత చదివించింది ఇందుకా అని."

"కాదే!"

అయ్యో రామా! వారం నుంచి ఆమె జవాబులు దంచికొడుతున్నది ఆయన అడగని ప్రశ్నలకన్నమాట.

"మరి నాకు తెలియట్లేదు నాన్నా. నువ్వే చెప్పు," అని నోరు మూసుకుంది. ఆ పిల్లకు అంతకంటే కష్టమైన పని లేదు. మధ్యలో ఏదో అనబోయి పెదవి కొరుక్కుంది.

ఆయన నేల చూస్తూ అన్నాడు. "ఇంట్లో అయితే నేనూ గొంతు లేపుతాను. అక్కడ లిఫ్టు ఆగిందంటే చాలు, నా పిల్లల వయసువాడు కూడా ఏరా అంటాడు. సరే సార్, సరే సార్ అంటూ నిలబడతాను. అది నువ్వు చూడాలా?"

ఆమె వచ్చి ఆయన పక్కన కూర్చుంది. "అంటే పని వద్దని కాదు. అక్కడ నిన్ను నేను చూడకూడదని. అంతేనా?"

"అవును. నా మాట అదే."

"చూశాను నాన్నా."

ఆయన తలెత్తాడు.

"నువ్వు లిఫ్టు బాగుచేస్తున్న ఆస్పత్రికి క్యారియర్ తెచ్చినప్పుడు. ఒకాయన నీ మీద నోరు పారేసుకుంటున్నాడు. నాకు ఒళ్లు మండి కడిగేద్దామనుకున్నా. నువ్వు మాట తూలలేదు. బాగుచేశాక ఎవరినీ ఎక్కనివ్వకుండా ముందు నువ్వొక్కడివే పైదాకా వెళ్లొచ్చావు. ఆ తర్వాతే, ఆ తిట్టినాయన వాళ్లమ్మను చక్రాల కుర్చీలో లోపలికి తోయించావు. నాకీ పని మీద మనసు పడింది ఆరోజే."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు చిన్నబుచ్చుకుంటావని."

నాయనమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. తీర్పు చెప్పడం మరిచిపోయింది. తండ్రి లేచి, అక్కర లేకపోయినా కిటికీ దాకా వెళ్లొచ్చాడు.

"పొద్దున్నే తయారుగా ఉండు. నేనే మాట చెప్తా," అన్నాడు. "ఒక్కటి. ఎవడైనా నన్ను ఏరా అంటే మాత్రం నువ్వు నోరెత్తకూడదు."

"ఆ మాట మాత్రం ఇవ్వలేను నాన్నా."

ఆయన కోప్పడదామని చూశాడు గానీ, నవ్వు ఆగలేదు.