ఎర్గాట్ అంటే మట్టిరంగు

సుహాసినికి తెలియని ఇంగ్లిష్ మాట లేదని ఊళ్లో అందరికీ నమ్మకం. అందరికంటే ఎక్కువ నమ్మకం సుహాసినికే.

బడి హైదరాబాదులో, కాలేజీ హైదరాబాదులో. హాస్టల్ మూసేసిన ఏడాది మాత్రం కల్వకుర్తి అవతల పెద్దబాపు మారయ్య ఇంట్లో మకాం. వచ్చేటప్పుడు చలికోటు మరిచిపోయింది, చెప్పులు మరిచిపోయింది, ఇటుకరాయంత డిక్షనరీని మాత్రం మరిచిపోలేదు. దానితోపాటు ఒక నోటుబుక్కు. అందులో ముందు సగం పుట్టగొడుగుల పేర్లు, వెనక సగం చెట్ల పేర్లు. చాంటరెల్ అంటే పసుపుపచ్చగా గరాటులా ఉండే పుట్టగొడుగు. మోరెల్ అంటే తేనెపట్టులా గుంటలు గుంటలుగా ఉండేది. పఫ్‌బాల్ అంటే తొక్కితే పొగ చిమ్మేది. లార్చ్ అంటే సూదుల్లాంటి ఆకులన్నీ చలికాలం ముందు రాల్చేసుకునే చెట్టు, హార్న్‌బీమ్ అంటే గొడ్డలి మొద్దుబారేంత గట్టి కర్ర ఉన్న చెట్టు. వీటిలో ఒక్కటీ ఆమె కళ్లతో చూసింది కాదు. అయినా ఆ పేర్లు పలుకుతుంటే నోట్లో పిప్పరమెంటు కరుగుతున్నట్టు ఉండేది.

రోజూ పొద్దున పాలకేంద్రానికి పెద్దబాపు వెంట వెళ్లేది. అక్కడ గోడకు పాల రేట్లు రాసే నల్లబోర్డు ఉంది. రేట్ల కింద మిగిలిన జాగాలో చాక్‌పీసుతో ఒక ఇంగ్లిష్ మాట, పక్కనే తెలుగులో అర్థం రాసేది. క్యాన్లు పట్టుకుని నిలబడ్డవాళ్లందరూ చదివేవాళ్లు, చదవడం రానివాళ్లు అడిగి చెప్పించుకునేవాళ్లు. పాలు కొలిచే పెద్దులు అయితే ఒక్క మాటనూ ఊరికే పోనిచ్చేవాడు కాదు.

"గా లార్చ్ చెట్టు మన గుట్టమీద ఉన్నదా బిడ్డా?"

"లేదు కాకా. చలిదేశాలల్ల ఉంటది."

"మరి ఆకులు రాలినంక ఊడ్వనీకి మనల్ని పిలుస్తరా ఏంది?"

అందరూ నవ్వేవాళ్లు. సుహాసిని కూడా నవ్వేది. నవ్వుతూ నవ్వుతూనే ఒకరోజు ఊపులో అనేసింది. "నాకు తెల్వని మాట ఎవరన్న తెస్తే, గిదే జాగల, అందరి ముందట వాళ్లకు దండం పెడ్త."

"ఇన్నరా? పాలక్యాన్లు గూడ ఇన్నయి" అన్నాడు పెద్దులు.

ఇక చూసుకోండి, మందుగోలీల అట్టలు వచ్చాయి, పురుగుమందు డబ్బాలు వచ్చాయి, సబ్బు కాగితం కూడా ఒకటి వచ్చింది. అన్నిటికీ చెప్పింది. రెండు మూడుసార్లు కాస్త అటూ ఇటూగా చెప్పింది గానీ ఎవరూ పట్టుకోలేదు. పట్టుకోలేదు కాబట్టి తనూ పట్టించుకోలేదు.

ఆ వానాకాలం సజ్జ పూత మీద ఉన్నప్పుడు తెరిపి లేకుండా ముసురు పట్టింది. కంకులు జిగటజిగటగా అయ్యాయి, ఈగలు ముసిరాయి. కోత కోసి నూర్చాక మారయ్య ఇంటికి కొంత ఉంచి మిగతాది మార్కెట్‌కు తీసుకెళ్తే వ్యాపారి కొననన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు, ఒక చీటీ మాత్రం చేతిలో పెట్టాడు. మరునాడు పొద్దున మారయ్య ఆ చీటీని అంగీ జేబులోంచి తీసి పాలకేంద్రం దగ్గర, అందరి ముందు, తమ్ముడి బిడ్డ చేతికి ఇచ్చాడు.

"జర చూసి చెప్పు బిడ్డా. గీ ఒక్క మాట కోసమే సరుకు వాపస్ పంపిండు."

చీటీ మీద ఇంగ్లిష్‌లో ఎర్గాట్ అని ఉంది.

సుహాసిని చూసింది. మళ్లీ చూసింది. ఆ మాట ఆమె ఎప్పుడూ వినలేదు. ఫోన్ తీసి చూడొచ్చు, ఒక్క నిమిషం పని. కానీ పెద్దులు పాలు కొలవడం ఆపి చూస్తున్నాడు.

"ఏం మేడం, చిక్కినవా? దండం రెడీ చేస్కో!"

"చిక్కుడేంది కాకా" అంది. చెవులు వేడెక్కాయి. నోరు దానంతట అదే తెరుచుకుంది. "ఎర్గాట్ అంటే మట్టిరంగు. వానకు గింజ జర మట్టిరంగు తిరిగిందని రాసిండు. కడిగి ఎండబెడితే పోతది."

"గంతేనా!" అన్నాడు మారయ్య. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం ఎలా వెలిగిందో సుహాసినికి ఇప్పటికీ గుర్తుంది. "నేనింకా ఏమో అనుకుంటి. రాత్రంత నిద్ర లేదు బిడ్డా."

పగటిపూట అన్నం తిన్నాక గది తలుపు దగ్గరికేసి డిక్షనరీ తెరిచింది. దొరికింది. జొన్న, సజ్జ, రై లాంటి ధాన్యాలకు పట్టే బూజు. ఫంగస్. గింజ ఉండాల్సిన చోట నల్లటి కొమ్ములా పెరుగుతుంది, విషం. ఫోన్లో ఇంకా చదివింది. తింటే వాంతులు, తలతిప్పు, మత్తు. పశువులకైనా మనుషులకైనా, కడుపుతో ఉన్నవాళ్లకైతే మరీ ప్రమాదం.

ఫంగస్! నోటుబుక్కు నిండా ఎవరివో అడవుల్లోని పుట్టగొడుగులు. తను తినే కంచానికి ఇంత దగ్గర ఉన్న ఒక్క ఫంగస్ మాత్రం అందులో లేదు.

బయటికి వచ్చింది. వాకిట్లో టార్పాలిన్ పరిచి ఉంది, దానిమీద కడిగిన సజ్జలు. అవ్వ నర్సింగమ్మ గొంతుక్కూర్చుని చేత్తో పలచగా నెరుపుతోంది. మారయ్యకు తల్లి, సుహాసిని నాయనమ్మ. కళ్లల్లో పొర వచ్చి సరిగ్గా కనిపించదు, అన్నీ చేత్తో తడిమే చూస్తుంది. ఇంట్లో సజ్జరొట్టె తినేది ఆమె ఒక్కతే.

"నువ్వు చెప్పినట్టె కడిగిన బిడ్డా. రెండు నీళ్లు" అంది అవ్వ.

అప్పుడే చెప్పాల్సింది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ చెబితే పెద్దబాపుకు తెలుస్తుంది, సాయంత్రం పాలకేంద్రంలో పెద్దులుకు తెలుస్తుంది, రేపు బోర్డు దగ్గర అందరికీ తెలుస్తుంది. ఇవి ఎండాలంటే రెండు రోజులు పడుతుంది కదా, రేపు మెల్లగా పెద్దబాపుకు ఒక్కడికే చెబుదాం అనుకుంది. అనుకుని, అవ్వ పక్కనుంచి నడిచి వెళ్లిపోయింది.

మరునాడు ఆన్‌లైన్ పరీక్ష. సిగ్నల్ కోసం పొద్దున్నే బడి మిద్దె ఎక్కింది. దిగేసరికి పగలు రెండు దాటింది. వీధి మొదట్లోనే ఎవరో చెప్పారు, మీ అవ్వను ఆటోలో ఎక్కిస్తున్నారని.

ముందురోజు ఎండ బాగా కాసి గింజలు సాయంత్రానికే ఎండాయి. అవ్వ పొద్దున్నే గిర్నికి పంపి పిండి పట్టించుకుంది, రొట్టెలు చేసుకుని తిన్నది. తర్వాత వాంతులు, ఆగని వాంతులు, తల ఎత్తితే కళ్లు తిరగడం.

కల్వకుర్తి దవాఖానలో సెలైన్ ఎక్కించారు. డాక్టర్ మారయ్యను అడిగాడు.

"ఏం తిన్నది?"

"సజ్జరొట్టె సార్."

"గింజ మంచిగుండెనా?"

"జర మట్టిరంగు తిరిగిందన్నరు. కడిగినం సార్."

"మట్టిరంగా? ఎవరన్నరు?"

మారయ్య ఒక్కసారి సుహాసిని వైపు చూశాడు. ఒక్కసారే. తర్వాత డాక్టర్ వైపు తిరిగాడు. "ఎవరో అన్నరు సార్. నాకే యాదికి లేదు. నేనే సరిగ్గ ఇననట్టున్న."

తిట్టినా బాగుండేది, కొట్టినా బాగుండేది. యాభై ఏళ్ల మనిషి తన కోసం, తన ముందే, డాక్టర్ ముందు తెలివితక్కువవాడిలా నిలబడ్డాడు.

సాయంత్రానికి అవ్వ కళ్లు తెరిచింది. ప్రాణానికి భయం లేదన్నాడు డాక్టర్. అవ్వ మాత్రం కొడుకు చెయ్యి పట్టుకుని ఏదో అంటోంది.

"మారా, పెద్దులోళ్ల ఇంటికి పొద్దున చాటెడు కొత్త గింజలు పంపిన. మమత కడుపుతోని ఉన్నది గదరా..."

ఆ ఇంట్లో అది ఆనవాయితీ. కొత్త గింజ మొదటిసారి గిర్నికి పోయేరోజు పక్కింటికి ఒక చాటెడు పోయాలి, ఒక్కరే తినకూడదు. పక్కిల్లు పెద్దులుది. మమత పెద్దులు కోడలు, ఆరో నెల.

మారయ్య జేబు తడుముకున్నాడు. తొందరలో ఫోన్ ఇంట్లోనే మరిచాడు. సుహాసిని చేతిలో ఫోన్ ఉంది.

"చెయ్యి బిడ్డా. ఏం చెప్తవో నువ్వే చెప్పు" అన్నాడు.

పెద్దులు ఈ వేళకు పాలకేంద్రంలోనే ఉంటాడు, చేతులు పాలతో తడిగా ఉంటాయి, ఎవరు చేసినా స్పీకర్ పెట్టే మాట్లాడతాడు. ఆ సంగతి సుహాసినికి తెలుసు. తెలిసే నొక్కింది.

"అవ్వ ఎట్లుంది బిడ్డా?" పెద్దులు గొంతు వెనకాల క్యాన్ల చప్పుడు, నలుగురి మాటలు. "అవ్వకు మంచిగైతే చాలు. ఇయ్యాల బోర్డు మీద మాట లేకున్నా నడుస్తది."

"కాకా, పొద్దున అవ్వ పంపిన సజ్జలు... రొట్టెలు చేసిన్రా?"

"ఏమో, నేను పొద్దున్నే ఇటొచ్చిననాయె. ఎందుకే?"

"మమతక్కను తిననియ్యకు కాకా. అది విషం."

"విషమా? మట్టిరంగంటివి గదనే?"

క్యాన్ల చప్పుడు ఆగింది. మాటలూ ఆగాయి. అక్కడ ఎవరెవరు నిలబడి ఉంటారో, ఏ వరసలో నిలబడి ఉంటారో అన్నీ ఆమె కళ్లకు కట్టాయి.

"నాకు ఎర్గాట్ అంటే తెల్వకుండె కాకా. నోటికొచ్చింది చెప్పిన. తర్వాత పుస్తకంల చూసిన, బూజు అది, తింటే కడుపుల పిల్లకు గూడ... నిన్న పగటీలి సందే నాకు ఎరుక. అవ్వ ఎండబోస్తుంటే గూడ చెప్పలే."

ఫోన్ కట్ కాలేదు. చెప్పుల చప్పుడు పరిగెత్తుతూ దూరమైంది. ఎవరో ఆడమనిషి ఫోన్‌కు దగ్గరగానే అంది. "నిన్నటి సందే ఎరుకంట. ముసలామె తింటుంటే ఊకున్నదంట." సుహాసిని ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుంది. తీస్తే తప్పించుకున్నట్టు అవుతుంది అనిపించింది.

చాలాసేపటికి పెద్దులు గసపెడుతూ వచ్చాడు. "పిండి పట్టియ్యలే. గింజల నల్లనల్లగ ఉంటే ఎలుకపెంటికలనుకున్నదంట మమత. పొద్దటి సంది కూసొని ఏరుతున్నది, ఇంకా చాటలనే ఉన్నయి." అతని మాటల్లో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు. "గా పిల్ల నాలుగో తరగతి సదివింది."

కట్ చేశాడు.

మారయ్య అంతా విన్నాడు. నిన్నటినుంచే తెలుసన్న ముక్క కూడా విన్నాడు. "పోయి అవ్వకు తాగనీకి నీళ్లు పట్కరాపో" అన్నాడు, అంతే.

మర్నాడు అవ్వను ఇంటికి పంపేశారు. మూడో రోజు పొద్దున సుహాసిని పాలకేంద్రానికి వెళ్లింది. తను రాసిన పాత మాట బోర్డు మీద అలాగే ఉంది, తడిగుడ్డతో తుడిచేసింది. తర్వాత వరసలో నిలబడ్డ మారయ్య ముందుకు వెళ్లి వంగి కాళ్లకు దండం పెట్టింది. తెలియని మాట తెచ్చింది ఆయనే కదా. పెద్దులు జోకు వేస్తాడేమో అనుకుంది, వేస్తే బాగుండు అని కూడా అనుకుంది. అతను తల ఎత్తకుండా పాలు కొలుస్తూనే ఉన్నాడు.

"లే బిడ్డా, ఎనకోళ్లకు ఆలస్యమైతది" అని మారయ్య క్యాన్ పట్టుకుని పక్కకు జరిగాడు.

ఇంటికి వచ్చేసరికి అవ్వ మంచంలో లేచి కూర్చుంది. మిగిలిన సజ్జల మూట ముందు పెట్టుకుంది. "తిననీకి గాదు, ఇత్తనాలకు" అంది. బకెట్ నీళ్లు తెమ్మంది, గళ్ల ఉప్పు తెమ్మంది. ఉప్పు ఎంత వేయాలంటే కోడిగుడ్డు వేస్తే తేలాలి, అంత. గింజలు పోసి కలిపితే మంచివి అడుక్కు పోయాయి, నల్లవి గుంపుగా పైకి తేలాయి. సుహాసిని జల్లిగంటెతో తీసి గుంతలో పోస్తోంది. ఉప్పుకు వేళ్లు మండుతున్నాయి.

"తేనెబంక పట్టినప్పుడు మా అత్త గిట్లనే చేస్తుండె" అంది అవ్వ. "చేతుల పట్టుకుంటెనే నాకు అనుమానమొచ్చింది. మారనితోని చెప్పిన, గిది బంకతెగులు లెక్కుందిరా అని."

సుహాసిని చెయ్యి ఆగిపోయింది. "మరి ఎందుకు తిన్నవవ్వా?"

"బిడ్డ పుస్తకంల చూసి చెప్పిందే, ఆమెకన్న నీకెక్కువ ఎరుకనా అన్నడు. నిజమే గదా అనుకున్న."

సుహాసిని ఇంకో గంటెడు నల్లగింజలు తీసి గుంతలో పోసింది. అవ్వ అడిగింది.

"గీ తేనెబంకను ఇంగ్లీషుల ఏమంటరే?"

"ఎర్గాట్ అంటరు అవ్వా."

అవ్వ ముఖం ఆమె వైపు తిప్పింది. కళ్లు ఆనవు కాబట్టి గొంతును చూస్తున్నట్టు చూసింది.

"చూసి చెప్తున్నవా?"

సుహాసిని తడిచేతులు పావడాకు తుడుచుకుని లోపలికి వెళ్లింది. డిక్షనరీ తెచ్చి, ఆ పేజీ తెరిచి, అవ్వ చూపుడు వేలు పట్టుకుని ఆ మాట మీద పెట్టింది. అవ్వకు చదవడం రాదు. అయినా ఆ వేలిని అక్కడినుంచి తీయడానికి సుహాసినికి ధైర్యం చాలలేదు.