ప్రశ్నల ముందు ఆగిపోయే రికార్డు

సాహిత్యం, చరిత్ర, సంగీతం, నాటకం... విశ్వవిద్యాలయంలో ఏ సభ జరిగినా హాలు వెనకవైపు గాజు గదిలో కూర్చునేది ఒక్కడే. పిల్లలంతా అతన్ని మైకు బాబాయ్ అనేవారు. ఇరవై రెండేళ్లుగా ఎందరు పండితుల ఉపన్యాసాలు రికార్డు చేశాడో లెక్కలేదు. ఒంటబట్టింది మాత్రం ఎవరు మైకుకి ఆమడ దూరంలో నిలబడతారో, ఎవరు దాన్ని మింగేసేలా మాట్లాడతారో అన్న సంగతే.

అతనికో అలవాటుంది. ఉపన్యాసం ముగిసి అధ్యక్షులవారు "ఇక ప్రశ్నలు" అనగానే రికార్డింగు ఆపేసి, చేతి మైకు పట్టుకుని జనంలోకి దిగేవాడు. ప్రశ్న అడగమంటే సొంత జీవితచరిత్ర మొదలుపెట్టే పెద్దమనుషులను అతను కొల్లలుగా చూశాడు. ఆ సోదంతా దాచి ఎవరికి ఇవ్వాలి? ఇన్నేళ్లలో ఒక్కరూ కావాలని అడగలేదు.

ఆ సోమవారం ఒకావిడ అడిగింది. బట్టలు కుట్టుకుని బతికే మనిషి. భుజం మీద ఇంకా దారప్పోగులు అంటుకునే ఉన్నాయి.

"మా అమ్మాయి ఇక్కడ చరిత్ర చదివేది అన్నయ్యా. మొన్న వానాకాలంలో జ్వరమొచ్చి చనిపోయింది," అంది, ఆ మాట పదిమందికి చెప్పి చెప్పి అరిగిపోయిన గొంతుతో. "అది నలుగురిలో నోరు విప్పేది కాదు. చుట్టాలొస్తే తలుపు చాటుకు పోయేది. అలాంటిది ఒకరోజు ఫోన్ చేసి, అమ్మా, ఇవాళ హాలు నిండా జనం ఉండగా లేచి ప్రశ్న అడిగానే అంది. ఏం అడిగావే అంటే, ఇంటికొచ్చాక చెప్తానంది. ఆ రావడం ఆసుపత్రికే వచ్చింది. దాని ఫోను తెరవడం ఎవరివల్లా కాలేదు. ఇక్కడ అన్నీ రికార్డు చేస్తారట కదా. ఒక్కసారి దాని గొంతు వినిపించండి, చాలు."

తేదీ రాసిన కాగితం ముందు పెట్టింది. ఆ రికార్డులో అమ్మాయి గొంతు ఉండదని అతనికి ఆ క్షణమే తెలుసు. లేదు అన్న రెండక్షరాలు నోట్లోంచి ఊడిపడలేదు.

"పాతవి వెతకాలమ్మా. రేపు రండి," అన్నాడు.

మర్నాడు కంప్యూటరు పాడైందన్నాడు. బుధవారం పెద్దసారు తాళాలు పట్టుకుపోయారన్నాడు. ఆవిడ మాత్రం దుకాణం మూసి, రెండు బస్సులు మారి, ఠంచనుగా వచ్చి కూర్చునేది. ఆశ చావక అతను నిజంగానే వెతికాడు కూడా. ఆ సభకు ఫొటోలు తీసినవాణ్ణి అడిగాడు. అతని దగ్గర బొమ్మలే తప్ప మాటల్లేవు.

"ఎన్నాళ్లు తిప్పుతావు ఆ తల్లిని?" అంది భార్య, ఆ రాత్రి అన్నం కెలుకుతున్న అతన్ని చూసి. "నీకు నోరు రాకపోతే నన్ను తీసుకెళ్లు. నేను చెప్తాను."

గురువారం ఆవిణ్ణి గాజు గదిలో కూర్చోబెట్టి చెప్పాడు.

"మొదటిరోజే అబద్ధం చెప్పాను చెల్లెమ్మా. ప్రశ్నలు నేను రికార్డు చెయ్యను. ఆ రోజు మీ అమ్మాయికి మైకు అందించింది నేనే అయ్యుంటాను. ఆరేడుగురు అడిగారు. ఎవరు ఏం అడిగారో నాకు గుర్తులేదు. అసలు నేను వినను."

"మీ పక్కనే నిలబడి మాట్లాడిందా?"

"జానెడు దూరంలో."

"అయినా వినలేదా," అంది. కోపంగా అనలేదు. తిట్టినా బాగుండేది అనుకున్నాడు.

ఆవిడే మళ్లీ అంది, "పోనీ, ఉన్నది పెట్టండి. అది కూర్చుని విన్నదే కదా."

పెట్టాడు. ఒక ముసలాయన పాతకాలపు ఓడరేవుల వర్తకం గురించి యాభై నిమిషాలు మాట్లాడాడు. ఒక్క ముక్క అర్థంకాకపోయినా ఆవిడ ఒళ్లో చేతులు పెట్టుకుని చివరిదాకా కదలకుండా విన్నది. చప్పట్లు మోగాయి. "ఇక ప్రశ్నలు" అన్న మాట, ఆ తర్వాత ఏమీ లేదు.

అతను తల ఎత్తలేకపోయాడు. ఈ చేత్తోనే కదా ఆపాను అనుకున్నాడు.

"ఆ చప్పట్లు మళ్లీ పెట్టండి," అంది ఆవిడ.

వెనక్కి తిప్పి పెట్టాడు. పదకొండు సెకన్లు.

"అది కూడా కొట్టే ఉంటుంది కదా అన్నయ్యా?"

"కొట్టే ఉంటుందమ్మా."

"మళ్లీ పెట్టండి."

ఆవిడ కళ్లు మూసుకుని, మెడ కాస్త ముందుకు వంచింది. అన్ని వందల చేతుల్లోంచి రెండు చేతులను ఏరుకోవాలని చూస్తోంది. దొరకవని అతనికి తెలుసు. అయినా శబ్దం కాస్త పెంచి, మళ్లీ పెట్టాడు.